ఉద్దానంలో జీడి పిక్కలు కలిసి అమ్ముకోవడం ఎలా?

మార్చిలో పిక్క రాలడం మొదలైంది మొదలు మే నెలాఖరు దాకా పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు ఏ ఊళ్లో అడిగినా ఒకటే మాట: రేటు వాళ్లు చెప్పిందే. అమ్మేవాళ్లు వేలమంది, కొనేవాళ్లు గుప్పెడుమంది. ఆ గుప్పెడుమంది వెనకాల ఆఫ్రికా పిక్కలు ఓడల్లో దించుకునే దిగుమతిదారులు, దేశమంతా ప్యాకెట్లు అమ్మే కంపెనీలు ఉన్నాయి. ఐవరీకోస్ట్‌లో పంట విరగకాస్తే ఇక్కడ బస్తా ధర జారుతుంది. దాన్ని ఏ రైతు సంఘమూ ఆపలేదు, ఆపుతామని చెప్పేవాళ్లను నమ్మకండి. మీ చేతిలో ఉన్నవి తూకం, తరుగు, నాణ్యత లెక్క, ఇంకో కొనుగోలుదారు. రైతు డబ్బు ఎక్కువగా జారిపోయేది కూడా వీటి దగ్గరే.

1946లో గుజరాత్‌లోని ఆణంద్ దగ్గర పాల రైతులు చేసిందీ ఇదే. బొంబాయికి పాలు పంపే హక్కు పోల్సన్ అనే ఒక్క కంపెనీ చేతిలో ఉండేది. రైతులు పదిహేను రోజులు పాలు పోయడం మానేశారు. ఆ తర్వాత రెండే ఊళ్ల సంఘాలతో, రోజుకు 247 లీటర్లతో మొదలుపెట్టారు. ఇప్పుడు అమూల్‌ను చూసి చాలామంది నేరుగా ఫ్యాక్టరీతో మొదలెట్టాలనుకుంటారు. ఆణంద్ రైతులు ముందు చేసింది పాలు ఒకచోట చేర్చి కొలవడం.

ఎంత సరుకు ఉంటే మాట చెల్లుతుంది

లక్ష్యం ఒక లారీ లోడు. మన దగ్గర పిక్కల బస్తా అంటే 80 కిలోలు. పది టన్నుల లారీకి 125 బస్తాలు పడతాయి. అంతకన్నా తక్కువుంటే పక్క జిల్లా వ్యాపారి కూడా ఫోన్ ఎత్తడు, కిరాయి గిట్టదు. ముదురు తోటలో ఎకరాకు మూడు, నాలుగు బస్తాలు వస్తాయనుకుంటే ముప్పై అయిదు, నలభై ఎకరాల సరుకు కావాలి. పాతిక ముప్పై కుటుంబాలుంటే సరిపోతుంది. పక్కపక్కన ఉన్న రెండు ఊళ్లు చాలు, మండలమంతా కలుపుదామని కూర్చుంటే మొదటి సీజను మీటింగుల్లోనే అయిపోతుంది.

పేర్లు రాసుకునే ముందు ఇంకో జాబితా రాయండి: ఎవరు ఎవరికి బాకీ ఉన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు తోటలు పోయి మళ్లీ నాటుకున్న కుటుంబాల్లో చాలామంది పిక్కల వ్యాపారి దగ్గరే బయానా తీసుకుని ఉంటారు. కొందరు పూత మీదే తోటను రెండు మూడేళ్లకు రాసిచ్చేసి ఉంటారు. తోట రాసిచ్చేసినవాళ్ల దగ్గర అమ్మడానికి పిక్కలే ఉండవు, గడువు తీరేదాకా వాళ్లను లెక్కలోకి తీసుకోకండి. బయానా ఉన్నవాళ్లను బలవంతం చేయకండి. బాకీకి సరిపడా బస్తాలు వ్యాపారికే పోయనిచ్చి, మిగతావి సంఘానికి తెమ్మనండి. అప్పున్న రైతును రెచ్చగొట్టి తెంపించుకోమంటే వర్షాల ముందు చేతి ఖర్చుకు మళ్లీ అదే గుమ్మం ఎక్కుతాడు, ఈసారి సంఘం మీద కోపంతో. బాకీ తీర్చే దారి వేరుగా చూడాలి. 3 లక్షల లోపు కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం గడువులోపు కడితే 4 శాతం వడ్డీకే పడుతుంది. పట్టా లేని కౌలు రైతులు 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం తీసుకుని బ్యాంకుకు వెళ్లొచ్చు. డ్వాక్రా సంఘం ద్వారా వచ్చే అప్పు ఇంకో దారి.

ఆరబెట్టడం

పండు దానంతట అది రాలాకే పిక్క తీయండి. చెట్టు మీద కోసిన లేత పిక్క కలిస్తే మొత్తం లాటు, అంటే ఒక్కసారిగా అమ్మే సరుకు, కోత పరీక్షలో దెబ్బతింటుంది. పండునుంచి పిక్కను అదే రోజు మెలితిప్పి వేరు చేయాలి. సిమెంటు కళ్ళం మీద గానీ, టార్పాలిన్ మీద గానీ రెండు మూడంగుళాల మందాన పరిచి, రోజుకు నాలుగైదు సార్లు తిరగేస్తూ రెండు మూడు రోజులు ఎండబెట్టండి. మట్టి నేల మీద పోస్తే కిందివైపు చెమ్మ లాగుతుంది. సాయంత్రం పోగుచేసి కప్పేయాలి, లేకపోతే తెల్లారేసరికి మంచుకు మళ్లీ తడుస్తుంది. ఎండిన పిక్కను చెవి దగ్గర ఊపితే లోపల పప్పు కదిలే చప్పుడు వస్తుంది, గోరు గుచ్చినా పెంకు మీద గాటు పడదు. తేమ 8, 9 శాతం దగ్గరికి రావాలి.

ఎండబెడితే బరువు పోతుందని ఆరబెట్టకుండా అమ్మేవాళ్లకు ఈ లెక్క చూపించండి. 18 శాతం తేమ ఉన్న 100 కిలోల పిక్కలు 9 శాతానికి వస్తే 90 కిలోలవుతాయి. పది కిలోలు పోయిన మాట నిజమే. కానీ తడి పిక్కకు వ్యాపారి కోసే తరుగు ఆ పదితో ఆగదు, ఎంత కోశాడో అడిగే ఆధారం మీ దగ్గర ఉండదు. పైగా తడి సరుకు బస్తాలో వేడెక్కి బూజు పడితే పప్పే నల్లబడుతుంది. ఆ బస్తాను పక్కన పెట్టక తోటివాళ్ల సరుకుతో కలిపారో, లారీ మొత్తానికి ఆ బస్తా రేటే వస్తుంది.

ఎండలోంచి తీసిన పిక్కలను వేడి మీద బస్తాకు ఎత్తొద్దు, నీడన చల్లారనివ్వండి. గోనె సంచులే వాడండి, ప్లాస్టిక్ సంచిలో ఆవిరి లోపలే ఉండిపోతుంది. కింద చెక్కలు వేసి, గోడకు అడుగు దూరంలో పేర్చండి. మేలో వచ్చే ముసురు వానలకు చెడిపోయే బస్తాల్లో చాలావరకు గోడకు ఆనించి పేర్చినవే.

కోత పరీక్ష: మీ సరుకు విలువ మీకు ముందు తెలియాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. వ్యాపారి గుప్పెడు పిక్కలు అరచేతిలో వేసుకుని, రెండు కోసి చూసి, మొహం చిట్లించి రేటు చెబుతాడు. దిగుమతిదారులు ఓడ సరుకు కొనేటప్పుడు మాత్రం ఒక్క గ్రాము తేడా రాకుండా కోత పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్షకు కావలసిందల్లా పిక్కలు కోసే కత్తెర, గ్రాముల్లో తూచే చిన్న కాటా, ఒక నోటు పుస్తకం.

ప్రతి లాటునుంచి పది బస్తాలకు ఒకటి చొప్పున తీసి, ఒక్కో బస్తాలో పైన, మధ్యన, అడుగున గుప్పెడేసి పిక్కలు తీయండి. పైనుంచి మాత్రమే తీస్తే ఆ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే మంచి పిక్క పైన పోయడం అందరికీ తెలిసిన విద్యే. అన్నీ కలిపి గుండ్రంగా పోగు పోసి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు ఉంచి, మిగతా రెండు తీసేయండి. సుమారు కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, సరిగ్గా కిలో తూచుకోండి. ముందు పిక్కలు లెక్కపెట్టండి. కిలోకు 180 చుట్టూ తూగితే కాయ సైజు బాగున్నట్టు, 220 దాటితే సన్నం.

ఇక ప్రతి పిక్కనూ నిలువుగా కోయాలి. పెంకులోని జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. గ్లవ్స్ వేసుకోండి, లేదంటే చేతులకు కొబ్బరినూనె దట్టంగా రాసుకోండి, కళ్లు నలపకండి. తీసిన పప్పును మూడు కుప్పలు చేయండి. నిండుగా, తెల్లగా ఉన్నది మొదటి కుప్ప. ముడతలు పడినవి, లేతవి, కొద్దిపాటి మచ్చ ఉన్నవి రెండో కుప్ప. నల్లబడినవి, బూజు పట్టినవి, పురుగు తిన్నవి, ఖాళీవి మూడో కుప్ప. పైపొరతోనే తూచండి. మొదటి కుప్ప బరువు పూర్తిగా, రెండో కుప్ప బరువులో సగం లెక్కలోకి వస్తాయి, మూడోది సున్నా.

ఉదాహరణకు మొదటి కుప్ప 255 గ్రాములు, రెండోది 30 గ్రాములు అనుకుందాం. 255కి 15 కలిపితే 270. బస్తాకు 80 కిలోలు కాబట్టి 270ని 80తో గుణిస్తే 21,600 గ్రాములు, అంటే బస్తాకు 21.6 కిలోల పప్పు. ఎగుమతి దిగుమతి వ్యాపారులు ఇదే అంకెను అవుట్‌టర్న్ అంటారు, పౌండ్లలో చెబుతారు, 21.6 కిలోలంటే 47.6 పౌండ్లు. పెద్ద కొనుగోలుదారుతో మాట్లాడేటప్పుడు ‘మాది నలభై ఏడున్నర అవుట్‌టర్న్’ అనండి, అతను సర్దుకుని కూర్చుంటాడు. ఈ లెక్క సరుకును సరుకుతో పోల్చడానికే. పైపొర, తేమ పోయాక తెల్లపప్పు ఇంకా తగ్గుతుంది కాబట్టి దీన్నే పప్పు రాబడి అనుకుని లాభం వేసుకోకండి.

ఒక లాటు 250 గ్రాములు, ఇంకోటి 270 గ్రాములు వచ్చిందనుకోండి. తేడా బస్తాకు 1.6 కిలోలు. పప్పు కిలో 700 అనుకున్నా బస్తాకు 1,120 రూపాయలు, లారీకి 1,40,000. రెండింటికీ ఒకే రేటు ఇచ్చినప్పుడు మంచి పిక్క పండించిన రైతు నష్టపోయింది అంత. అందుకే రేటు మాట్లాడేటప్పుడు ఆధార నాణ్యత పెట్టుకోండి: 260 గ్రాములకు ఇంత, ఆపైన గ్రాము గ్రాముకూ అదే నిష్పత్తిలో ఎక్కువ, దిగువన తక్కువ. 260కి బస్తా 10,000 అయితే 270 వచ్చిన లాటుకు 10,385 పడాలి. సంఘం లోపల కూడా ఇదే లెక్కన పంచండి. అందరికీ సమానంగా పంచితే మొదటి ఏడాది శ్రద్ధగా ఆరబెట్టినవాళ్లే రెండో ఏడాది సంఘాన్ని వదిలిపోతారు.

తూకం రోజు

సంఘానికి సొంత ఎలక్ట్రానిక్ కాటా ఉండాలి. దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి, ముద్ర గడువు దాటిన కాటాతో తూస్తే మీ తూకాన్నే మీ మీద వాడతారు. 20 కిలోల ముద్ర రాయి ఒకటి పక్కన పెట్టి, తూకం మొదలెట్టే ముందు రైతులందరి ఎదుట కాటా మీద ఉంచి చూపించండి. సగం గొడవలు అక్కడే అయిపోతాయి. ఖాళీ గోనెల బరువు అంచనా వేయకండి: పది గోనెలు కలిపి తూచి పదితో భాగించండి. ‘గోనెకు రెండు కిలోలు’ లాంటి ఆనవాయితీ తరుగును ఇక్కడే తుంచేయాలి.

చీటీ మూడు ప్రతులు: రైతుకు ఒకటి, సంఘానికి ఒకటి, కొనేవాడికి ఒకటి. చీటీ మీద పేరు, బస్తాల సంఖ్య, స్థూల బరువు, గోనె బరువు, నికర బరువు, కోత పరీక్ష అంకె, తరుగు ఏమైనా ఉంటే దాని కారణం మాటల్లో. కారణం రాయని తరుగు చెల్లదని మొదటి రోజే తీర్మానం చేయండి. ఈ చీటీల పని డ్వాక్రా లెక్కలు రాసిన ఆడవాళ్లకు అప్పగించండి, ఏళ్ల తరబడి ప్రతి వారం పొదుపు పుస్తకాలు రాసిన చేతులు అవి.

కొనేవాళ్లను పెంచడం

పలాస-కాశీబుగ్గ మార్కెట్‌ను వదిలేయమని కాదు, అక్కడి వాళ్లకూ అవకాశం ఇవ్వండి. కానీ జీడి యూనిట్లు అక్కడే ఆగిపోలేదు. వేటపాలెం, కోనసీమలోని మోరి, తమిళనాడులో పన్రుటి, కేరళలో కొల్లం, కర్ణాటకలో మంగళూరు ఉన్నాయి. లారీ లోడు, పరీక్ష అంకె రెండూ చేతిలో ఉంటేనే ఆ దూరపు యూనిట్లు రేటు చెబుతాయి. కనీసం ఐదుగురికి ఒకే రోజు ఒకే వివరాలు పంపండి: బస్తాలు ఎన్ని, పిక్కల సంఖ్య, అవుట్‌టర్న్, తేమ, సరుకు ఎక్కడుంది. సీల్డ్ కవర్‌లో గానీ, వాట్సాప్‌లో నిర్ణీత గంటలోపు గానీ రేటు అడగండి. కవర్లు సభ్యుల ఎదుటే విప్పండి. దూరపు యూనిట్ రేటులోంచి లారీ కిరాయి, హమాలీ, దారిలో పోయే తేమ తీసేసి పలాస రేటుతో పోల్చండి. చాలాసార్లు చివరికి పలాసకే అమ్ముతారు, కాకపోతే పై ఊరి రేటు తెలిసినవాళ్లుగా అమ్ముతారు.

డబ్బు విషయంలో మెతకగా ఉండొద్దు. లారీ కదిలే ముందు కనీసం మూడొంతుల సొమ్ము సంఘం ఖాతాలో పడాలి, మిగతాది దించిన రోజు. కొత్తవాళ్ల దగ్గర మొత్తం ముందే తీసుకోండి. గమ్యంలో మళ్లీ కోత పరీక్ష చేస్తామంటే చేయనివ్వండి, అయితే మీ మనిషి ఎదురుగా ఉండాలి, నమూనా సంచి ఒకటి రెండు పక్షాల సంతకాలతో మీ దగ్గర సీలు వేసి ఉండాలి.

పన్ను గురించి ఒక మాట. జీఎస్టీ నమోదున్న వ్యాపారికి రైతు తన పేరు మీద పిక్కలు అమ్మితే, 5 శాతం పన్ను రివర్స్ చార్జి కింద కొన్నవాడే కడతాడు, అది అతనికి తర్వాత క్రెడిట్‌గా వస్తుంది. ‘జీఎస్టీ పోను’ అని మీ బస్తా మీద కోస్తే ఒప్పుకోకండి. సంఘమే రైతుల దగ్గర కొని అమ్మే పద్ధతికి మారి, నమోదు చేసుకుంటే ఆ 5 శాతం ముందు సంఘం నగదుగా కట్టాలి. దానికి పెట్టుబడి కావాలి, ఆడిటర్‌తో ముందే కూర్చోండి.

అందుకే మొదటి సీజను సంఘం కొనకూడదు. సరుకు రైతుదే, సంఘం ఆరబెట్టిన సరుకు చూసి, తూచి, పరీక్షించి, కొనేవాడిని తెచ్చి, బస్తాకు ఇంత అని ఖర్చు తీసుకోవాలి. సంఘమే కొనాలంటే, బస్తా 10,000 అనుకున్నా లారీకి పన్నెండున్నర లక్షలు కావాలి. నలభైమంది రెండేసి వేలు వాటా కట్టినా 80 వేలే. రెండో ఏడాదికి గోదాం దారి చూడండి: నమోదైన గోదాంలో సరుకు పెట్టి తీసుకునే రసీదు మీద కిసాన్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు ఆరు నెలల దాకా పంట రుణం వడ్డీకే అప్పు దొరుకుతుంది. ధర పడిన ఏప్రిల్‌లో అమ్మక తప్పని స్థితి దాంతో కొంత తీరుతుంది.

రిజిస్ట్రేషన్, నిబంధనలు

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, అంటే మ్యాక్స్ కింద, వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది ఉంటే జిల్లా సహకార కార్యాలయంలో నమోదు చేసుకోవచ్చు. ఇందులో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, అందుకే పై పెత్తనమూ తక్కువ. రెండో దారి ఉత్పత్తిదారుల కంపెనీ. దానికీ పదిమంది రైతులు చాలు, కానీ పూర్తికాలపు సీఈవో, కంపెనీల రిజిస్ట్రార్‌కు ఏటా పత్రాలు, సీఏ ఫీజు తప్పవు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకంలో మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులు ఉండాలన్నారు, సభ్యుడికి 2,000 వరకు వాటాకు సమానంగా గ్రాంటు పెట్టారు. గ్రాంటు కోసం 300 పేర్లు కూడగట్టిన కంపెనీల్లో బస్తా పోసేది ముప్పైమందే అయితే అది కాగితం మీది కంపెనీ. మా సలహా: మ్యాక్స్‌తో మొదలెట్టండి, రెండు సీజన్లు లారీలు కదిలాక కంపెనీ మాట ఆలోచించండి.

నిబంధనావళి నమూనా ఎక్కడైనా దొరుకుతుంది, ఈ నాలుగు మాత్రం మీరే రాసుకోండి. పిక్కల వ్యాపారి గానీ, అతని ఏజెంట్ గానీ, వాళ్ల ఇంటివాళ్లు గానీ పాలకవర్గంలో ఉండకూడదు. ప్రతి సభ్యుడూ కనీసం సగం పంట సంఘానికి పోయాలి. మిగులును వాటాల మీద కాక, పోసిన బస్తాల మీద పంచాలి. బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు, అందులో ఒకటి మహిళా సభ్యురాలిది.

ఎదురుదెబ్బ ఎలా వస్తుంది

సంఘం తూకం మొదలెట్టిన వారంలోనే వ్యాపారి ఊళ్లోకొచ్చి బస్తాకు రెండొందలు ఎక్కువిస్తానంటాడు. రెండు వారాలు నిజంగానే ఇస్తాడు. సభ్యులు అటు పోస్తారు, లారీ నిండదు, సంఘం చతికిలబడుతుంది, మూడో వారం రేటు పాత చోటికే వస్తుంది. దీన్ని తిట్లతో ఆపలేరు. సగం పంట నిబంధన ఇందుకే: మిగతా సగం ఎక్కువిచ్చేవాడికి అమ్ముకోనివ్వండి, ఆ రెండొందలు కూడా సంఘం పుట్టబట్టే వచ్చాయని ధరల పుస్తకంలో తేదీలతో చూపించండి. ఊరి రేటు, పలాస రేటు, పప్పు రేటు ప్రతిరోజూ రాసే ఆ పుస్తకం సంఘం పుట్టకముందు నుంచే రాస్తూ ఉండాలి.

కొనేవాళ్లంతా ఒకే ఉదయం ఒకే రేటు చెప్పి, ఒకరి రైతు జోలికి ఇంకొకరు రాకపోతే అది సిండికేటే కావచ్చు. 2002 పోటీ చట్టం మూడో సెక్షన్ అమ్మే ధరతోపాటు కొనే ధరను కూడబలుక్కుని నిర్ణయించడాన్నీ నిషేధిస్తుంది. కాకపోతే అనుమానం చాలదు, తేదీలున్న రేట్ల పుస్తకం, మెసేజులు, చీటీలు కావాలి. అదే చట్టం మీకూ వర్తిస్తుందని మరవకండి: సంఘం తన సభ్యుల సరుకు అమ్మడం వేరు, వేర్వేరు వ్యాపారులు, సంఘాలు కూర్చుని ‘ఇంతకు తక్కువ అమ్మొద్దు’ అని ఒప్పందం రాసుకోవడం వేరు. రెండోది రాయకండి.

ఇక ఫ్యాక్టరీ. మూడో సీజనుకు ఎవరో ఒకరు బాయిలర్ కొందామంటారు. పెంకు పగలగొట్టి పొర తీసే చేతులు, ఏడాది పొడుగునా పిక్కల నిల్వకు పెట్టుబడి, గుండు, బద్ద, ముక్క వేటికవి అమ్ముకునే బజారు, ఈ మూడూ లేకుండా బాయిలర్ కొంటే అది ఏడాదిలో తొమ్మిది నెలలు ఖాళీగా ఉంటుంది. దానికి బదులు పది బస్తాలు పలాసలోని చిన్న యూనిట్‌కు కూలి మీద ఆడించడానికి ఇవ్వండి. బస్తాకు కూలి ఎంత, గుండు పప్పు ఎంత శాతం రావాలి, బద్ద, ముక్క ఎంతవరకు ఒప్పుకుంటారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి ముందే రాసుకోండి. ఇచ్చే రోజు కోత పరీక్ష చేసి ఆ అంకె కూడా ఒప్పందంలో పెట్టండి, లేకపోతే పప్పు తక్కువొచ్చినప్పుడు తప్పు మీ పిక్కదే అవుతుంది. పగిలిన పెంకును నూనె మిల్లులు కొంటాయి, అది యూనిట్‌దా సంఘానిదా అన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి.